చిక్కటి ప్రొటీన్ ద్రావణాలకు ఏయూసీ: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ద్రావణాన్ని అతివేగంగా తిప్పి, అందులోని అణువులు ఎంత వేగంగా అడుగుకు దిగుతున్నాయో చూసే అనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (ఏయూసీ), మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రొటీన్ దగ్గర బుద్ధిగా నడుస్తుంది, వంద దగ్గర మొండికేస్తుంది. అయినా మా ల్యాబ్‌లోంచి దాన్ని తీసేస్తామంటే నేను ఒప్పుకోను.

చర్మం కింద ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్లలో మందు తరచూ మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. అంత చిక్కదనంలో కొన్ని అణువులు ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుంటాయి. అదే నమూనాను ఎస్‌ఈసీ (అణువులను సైజును బట్టి వేరుచేసే పద్ధతి) కాలమ్‌లో వేస్తే పలచబడి ఆ పట్టు కాస్తా ఊడిపోతుంది, అంతా మోనోమరే (విడి అణువులే) అని రిపోర్టు వస్తుంది. ఏయూసీలో ఆ బాధ లేదు. ఉన్నది ఉన్నట్టు తిప్పుతూనే చూడొచ్చు.

చూడడంలోనే అసలు తిప్పలు. మామూలు 12 మిల్లీమీటర్ల మందం సెల్‌లో (నమూనా పోసే గదిలో) 280 నానోమీటర్ల కాంతి దగ్గర, ఒక మిల్లీగ్రాము కాస్త దాటగానే అబ్జార్బెన్స్ (నమూనా ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పద్ధతి) చేతులెత్తేస్తుంది. కాంతి గీతలు ఎంత జరిగాయో చూసి గాఢతను కొలిచే ఇంటర్‌ఫియరెన్స్‌కి మారితే మిల్లీగ్రాముకు సుమారు 3.3 ఫ్రింజ్‌లు (గీతలు). అంటే వంద దగ్గర 330! బౌండరీ (దిగుతున్న ప్రొటీన్‌కూ పైన మిగిలిన ద్రవానికీ మధ్య హద్దు) దగ్గర కాంతి వంగిపోయి గీతలన్నీ కలిసిపోతాయి, తెర మీద బూడిదరంగు మరక మిగులుతుంది. 3 మిల్లీమీటర్ల సెంటర్‌పీస్ (సెల్ మధ్యలో నమూనా ఉండే భాగం) వేస్తే ఇది నాలుగో వంతుకు తగ్గుతుంది. కొన్ని పదుల మిల్లీగ్రాముల దాకా నాకు నమ్మకంగా పనిచేసింది అదే. కాకపోతే అంత సన్నటి సందులోకి జిగట నమూనాను ఎక్కించడానికి ఓపిక కావాలి. పిపెట్ బటన్ వేగంగా నొక్కితే బుడగ ఖాయం.

ఇక ఫలితాలు. పలచగా ఉన్నప్పుడు 6.5 ఎస్ (స్వెడ్‌బర్గ్, అడుగుకు దిగే వేగానికి కొలమానం) దగ్గర కనిపించే యాంటీబాడీ, చిక్కబడే కొద్దీ నెమ్మదిస్తుంది. అణువు ముక్కలైందని కంగారు పడొద్దు. తిరునాళ్లలో ఎదురొచ్చే జనాన్ని తోసుకుంటూ నడిచినట్టు, అడుగుకు దిగే అణువులకు పైకి తన్నే ద్రవం అడ్డొస్తుంది. మరోపక్క అణువులు జత కడితే వేగం పెరుగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అసలేమీ జరగనట్టు కనిపించే సందర్భాలే ప్రమాదకరం. అందుకే ఒక్క గాఢత దగ్గర చేసిన రన్‌ను నేను లెక్కలోకి తీసుకోను. కనీసం అయిదారు కావాలి. అణువులు ఒకదాన్నొకటి అడ్డుకోవడాన్ని లెక్కలోకి తీసుకునే నాన్‌ఐడియల్ మోడల్‌తో సెడ్‌ఫిట్ సాఫ్ట్‌వేర్ ఇక్కడ బాగా ఆదుకుంటుంది, పైగా ఉచితం. డైమర్ (జత కట్టిన అణువులు) ఎంత శాతం అన్న లెక్క మాత్రం చిక్కటి నమూనాల్లో నేను రిపోర్టులో పెట్టను. జాన్‌స్టన్–ఆగ్‌స్టన్ ప్రభావం వల్ల నెమ్మదిగా దిగేది ఉన్నదానికన్నా ఎక్కువగా, వేగంగా దిగేది తక్కువగా కనిపిస్తాయి.

నమూనా ఖర్చుకు భయపడక్కర్లేదు. 3 మిల్లీమీటర్ల సెల్‌కు దాదాపు 100 మైక్రోలీటర్లు చాలు. రన్ అయ్యాక సెల్‌ను తిప్పి కలిపి, చాలావరకు వెనక్కి తీసుకోవచ్చు.