బుక్కు వదిలేసి ట్యాబ్ మీద రాసుకోబట్టి మూడేళ్ళు

మాది అనంతపురం. కమలానగర్‌లో ఇంట్లోనే మగ్గం వర్క్, బ్లౌజులు కుట్టే పని, ఇద్దరు వర్కర్లు, ఒక టైలరక్క, నేను. 2022 దసరాకి పెన్నుతో రాసే ట్యాబ్, సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ కొన్నా, అంతకుముందంతా పెద్ద లెడ్జర్ బుక్కే. పాతికవేలు దాటింది. మా ఆయన "రాసుకునేదానికి ఇంత పెట్టాల్నా, నోటుబుక్కు చాలదా" అన్న్యాడు, ఇప్పుడు ఆయన పాల లెక్క కూడా దాంట్లోనే రాయమంటాడు.

టైప్ చేసే యాప్‌లు ఫ్రీగా ఉండంగా చేత్తో రాసేది ఎందుకంటే నా పనిలో సగం బొమ్మలే. వెనక పాట్ నెక్, అంచుకి రెండు వరసలు కట్ బీడ్స్, చేతి మీద నెమలి, దాని మెడ ఎడమపక్కకి అని టైప్ చేస్తే ఎవురికి అర్థమైతాది, అదే గీస్తే మా వర్కరు ఒక్క చూపులో పట్టేస్తాడు, పైగా ఆయనకి తెలుగు చదివేది రాదు. చీర ఫోటో తీసి అదే పేజీలో పెట్టి, పక్కన నెక్కు గీసి, కొలతలు రాసి, కింద ట్రయల్ ఎప్పుడు డెలివరీ ఎప్పుడు అని రాస్తా. పేజీ పైన బిల్లు నంబరు మాత్రం కీబోర్డుతో టైప్ చేస్తా, వెతికితే టక్కున దొరుకుతాది.

మొదట్లో ఆన్‌లైన్‌లో డబ్బులిచ్చి ఒక పీడీఎఫ్ ప్లానర్ కొన్నా. చూసేదానికి బలే ఉంటాది. నీళ్ళెన్ని గ్లాసులు తాగితివి, ఈరోజు నీ మూడ్ ఎట్లుంది అని గళ్ళు గళ్ళు. మూడ్‌కి గడి ఉంది, మూఢానికి లేదు! మాకు కావాల్సింది రెండోదే కదా. 2024లో మే, జూన్ అంతా మూఢం, ఆ వెంటనే ఆషాఢం, పెండ్లిళ్ళు లేవు, నా ప్లానర్‌లో పేజీలు తెల్లగా పడుండె, శ్రావణం వచ్చేసరికి ఆగస్టు పేజీల్లో రాసేదానికి చోటు లేదు. అప్పుడే దాన్ని పక్కన పడేసి సామ్‌సంగ్ నోట్స్ యాప్‌లో నేనే అడ్డగీతలు గీసి ఒక పేజీ చేసుకున్నా, పొద్దున ట్రయల్స్, మధ్యాన్నం ఫాల్ పికో, సాయంత్రం డెలివరీలు, దాన్నే కాపీ కొట్టుకుంటూ పోతాండా. మూఢం రోజులకి ముందే బూడిద రంగు పూసి పెడ్తా.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది లాసో అనే టూలు, రాసిందాన్ని చుట్టి ఇంకో చోటికి జరిపేది. ముహూర్తం మారిందని ఫోన్ వస్తే బుక్కులో అయితే కొట్టేసి బాణం గీసి, ఆ బాణం యాడికి పోయిందో మళ్ళీ నేనే వెతుక్కోవాల. ఇప్పుడు రాసిందాన్ని పెన్నుతో గుండ్రంగా చుట్టి, కట్ చేసి, గురువారం పేజీలో పేస్ట్ చేస్తే బొమ్మతో సహా పోతాది.

కానీ ఎరేజర్‌తో ఒకసారి బాగా దెబ్బతిన్నా. సాయినగర్ నుంచి ఒకామె వచ్చి చెయ్యి పొడవు 10 వద్దు, 11 పెట్టమంది, నేను 10 తుడిచేసి 11 రాసుకున్నా. డెలివరీ రోజు "నేను పదే కదా చెప్పింది" అని పట్టుకుంది. బుక్కులో అయితే కొట్టేసిన 10, పక్కన 11 కనపడతాయి, ఇదిగో చూడమ్మా నువ్వే మార్పించినావు అని చూపిచ్చొచ్చు. ఇక్కడ తుడిస్తే మచ్చ కూడా మిగల్లా. చేతుల మీది వర్క్ సగం విప్పి మళ్ళీ చేసినాము, నాలుగు రోజుల కూలి నా నెత్తిన. అప్పట్నుంచి కొలతలు తుడిచేది లేదు, ఎర్ర గీతతో కొట్టేసి పక్కన రాసి తేదీ వేస్తా. అడ్వాన్సుకి ఇప్పటికీ కాయితం రసీదే.

ఇంకోటి, చేత్తో రాసిన పేజీ గంట కొట్టదు. 11 గంటలకి ట్రయల్ అని చక్కగా రాసి పెట్టి, ట్యాబ్ సంచిలో పెట్టుకోని ధర్మవరం పోతి చీరలకి, ట్రయల్‌కి వచ్చినామె మా గేటు ముందర నిలబడి ఫోన్. ఇప్పుడు రాత్రి అన్నం తిన్నాక రేపటి పేజీ చూసి తప్పనివి మాత్రం ఫోన్‌లో అలారం పెడ్తా. రెండు పనులు అయితాయి, ఏం చేస్తాం.

పెన్ను డబ్బాలోనే వచ్చింది, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, ఇది పెద్ద సుఖం. స్క్రీన్ 10.4 అంగుళాలు, రోజు పేజీకి సరిపోతాది, నెల మొత్తం ఒకేసారి చూడాలంటే ఇరుకే. డిజైను ట్రేసింగ్ దించేటప్పుడు చేతికి కిరోసిన్, పౌడరు ఉంటాది, అప్పుడు గూడా పెన్ను కొసతోనే పేజీలు తిప్పుకుంటా.

గాజు మీద జారతాందని గరుకు స్క్రీన్ గార్డ్ వేయించినా, రాత కుదురుగా వస్తాది గానీ నిబ్బు తొందరగా అరుగుతాది. అట్లా గార్డ్ వేయించేవాళ్ళు నిబ్బులు ఒక ప్యాకెట్ ముందే తెప్పిచ్చి పెట్టుకోండి, నాది సరిగ్గా శ్రావణంలో అరిగి పోయె, పార్శిల్ వచ్చేదాకా వారం దినాలు మళ్ళీ లెడ్జరే గతి.