ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు ఇంట్లో తూచి ఏరుకోవాలా, బ్యాచ్ చూసి కొనుక్కోవాలా: ఏది మేలు?

అమెరికాలో చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని మళ్లీ సైజుకు తెచ్చి, మందును అంటించే కొత్త ప్రైమరు బిగించి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చుతారు. ఆ వీడియోలు చూసిన మన భీమవరం, అమలాపురం కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, మనమూ చేసుకోవచ్చా మాస్టారూ అని. తూటాల విషయంలో నా జవాబు ఎప్పుడూ ఒకటే, వద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా తూటాలు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా తయారుచేసుకునే హక్కు రాదు. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పట్టిన పిల్లలకు ఇంకో సంగతి కూడా చెబుతాను. ఆ తూటాకు విడిగా ప్రైమరు ఉండదు, పేలే రసాయనం గొట్టం అడుగు అంచులోనే ఉంటుంది. అందుకే ఇంట్లో నింపుకునే అలవాటు ఉన్న దేశాల్లో కూడా దాన్ని దాదాపు ఎవరూ మళ్లీ నింపరు. ఆ పోటీల్లో దిగేవాళ్లు ఫ్యాక్టరీలో వేర్వేరు విడతల్లో తయారైన రకరకాల బ్యాచ్‌లు కాల్చి చూసి, తమ రైఫిల్‌కు నప్పినదాన్ని కొనుక్కుంటారు.

అయినా ఆ కుర్రాళ్ల కోరికలో తప్పులేదు. తన గన్నుకు ఏది సరిపోతుందో తానే పరీక్షించి తేల్చుకోవాలనుకోవడం మంచి షూటర్ లక్షణం. ఆ పనికి మన దగ్గర చట్టబద్ధమైన చోటు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. గుండు సైజు 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జూళ్లు మించకుండా ఉంటే ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి ఎనిమిది జూళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కాగితం మీద కాల్చడానికి మాత్రమేనని వేరే చెప్పాలా? కొల్లేటి కొంగల మీదో, చేపల చెరువు మీద వాలే నీటికాకుల మీదో ఎక్కుపెడితే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. అలాంటి పిల్లాణ్ని నేను మా షూటింగు రేంజిలోకి రానివ్వను.

ఇక అసలు విషయానికొస్తాను. ఎయిర్ రైఫిల్‌లో మందు లేదు, ప్రైమరు లేదు. మన చేతిలో ఉన్నది పెల్లెట్టు, అంటే ఆ చిన్న సీసం గుండు ఒక్కటే. దాన్ని ఎంచుకోవడానికి మూడు దారులు కనిపిస్తాయి. తీర్థాల్లో బుడగలు కొట్టే స్టాళ్లలో వాడే చవక పెల్లెట్లు కొని ఇంట్లో తూచి ఏరుకోవడం మొదటిది. పోటీల కోసం చేసే మ్యాచ్ పెల్లెట్లు కొని వాటినీ తూచి ఏరడం రెండోది. తూకం జోలికి పోకుండా, నాలుగైదు బ్యాచ్‌లు కాల్చి చూసి నప్పిన బ్యాచ్‌ను ఎక్కువ డబ్బాలు కొని పెట్టుకోవడం మూడోది.

మొదటి దారి గురించి ఎక్కువ చెప్పను. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బుడగ కొట్టడానికి ఆ పెల్లెట్టు చాలు. కానీ ఒకే డబ్బాలో తల వెడల్పు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే, బరువు సరిపోయినా అది బ్యారెల్లో ఒకే తీరుగా పట్టుకోదు. ఎంత ఏరినా సగం డబ్బా పక్కన పోతుంది, మిగిలిన సగం మీదా నమ్మకం కుదరదు. నిలబడడం, ఊపిరి బిగబట్టడం నేర్చుకునే మొదటి నెలల్లో వాడుకోండి, ఏరే శ్రమ మాత్రం పెట్టకండి.

రెండో దారి మీద పిల్లలకు మోజెక్కువ. అందుకే లెక్క వేసి చూపిస్తాను. మ్యాచ్ పెల్లెట్టు బరువు సుమారు 0.53 గ్రాములు, అంటే 530 మిల్లీగ్రాములు. అది సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. పది మీటర్లు దాటడానికి సెకనులో వందో వంతులు ఆరు పడుతుంది. అంత సేపట్లో భూమి ఆకర్షణకు అది కిందికి దిగేది 17, 18 మిల్లీమీటర్లు. పెల్లెట్టు బరువు ఒక శాతం, అంటే ఐదు మిల్లీగ్రాములు పెరిగిందనుకుందాం. గాలి ఇచ్చే శక్తి అదే కాబట్టి వేగం అర శాతం తగ్గుతుంది, కిందికి దిగడం ఒక శాతం పెరుగుతుంది. ఆ ఒక శాతం 0.18 మిల్లీమీటర్లు. టార్గెట్ మీద వలయానికీ వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, అందులో స్కోరుకు ఒక్కో దశాంశం 0.25 మిల్లీమీటర్లు. అంటే ఐదు మిల్లీగ్రాముల తేడా పెల్లెట్టును నిండా ఒక్క దశాంశం దూరం కూడా కదపదు! 10.4 పడాల్సింది మహా అయితే 10.3 అవుతుంది, చాలాసార్లు అదీ కాదు.

మంచి కంపెనీ మ్యాచ్ డబ్బాలో పెల్లెట్ల మధ్య తేడా సాధారణంగా ఈ హద్దులోనే ఉంటుంది. పైగా ఆన్‌లైన్‌లో చవకగా దొరికే తూకాలు చాలావరకు గ్రాములో వందో వంతు వరకే చూపిస్తాయి, అంటే పది మిల్లీగ్రాములు. ఐదు మిల్లీగ్రాముల తేడాను పది మిల్లీగ్రాముల మెట్టుతో ఎలా పట్టుకుంటాం? బంగారు కొట్లో ఉండే మిల్లీగ్రాము తూకం కావాలి. అది ఉన్నా ఫ్యాను ఆపాలి, లేకపోతే అంకె నిలవదు. మే నెలలో మన డెల్టా ఉక్కపోతలో ఫ్యాను ఆపి, చెమటోడుస్తూ ఐదు వందల పెల్లెట్లు తూచే ఓపికను పిల్లాడు రైఫిల్ పట్టుకుని నిలబడడం మీద పెడితే స్కోరు నిజంగా పెరుగుతుంది. గన్ను ఖాళీగా పట్టుకుని గోడ మీద చుక్కకేసి గురి నిలిపే సాధన రోజూ చేసినవాళ్లకూ, తూకం ముందు కూర్చున్నవాళ్లకూ తేడా నేను కళ్లారా చూస్తున్నాను. ఒక జాగ్రత్త, స్ప్రింగు రైఫిల్‌ను ఖాళీగా పేల్చకూడదు, పిస్టను దెబ్బతింటుంది. పీసీపీ, అంటే ముందే సిలిండరులో నొక్కి నింపిన గాలితో పనిచేసే మ్యాచ్ రైఫిళ్లలో దీనికోసమే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది.

తూకం వల్ల లాభమే లేదా అంటే, ఉంది. డబ్బాలో ఎక్కడో ఒకటి మరీ తేలికైనది, తయారీలో లోపం ఉన్నది దొరుకుతుంది. పదిహేను, ఇరవై మిల్లీగ్రాములు తక్కువున్న పెల్లెట్టు రెండు మూడు దశాంశాలు తినేయగలదు. రాష్ట్ర స్థాయిలో ఫైనల్ అంచున ఉన్నవాళ్లు మ్యాచ్ రోజుకు వాడే అరవై, డెబ్బై పెల్లెట్లు తూచుకుంటే నేను కాదనను. అరవై షాట్లకు గరిష్ఠ స్కోరు 654. ఆ అంచున ఒక్క దశాంశానికి కూడా స్థానం మారిపోతుంది. రోజూ సాధన చేసే డబ్బాకు మాత్రం తూకం దండగ.

తూకం కంటే కంటి పరీక్ష చాలా మేలు. పెల్లెట్టు వెనక పల్చటి స్కర్టు ఉంటుంది చూడండి, గాలి దాన్నే పట్టి నెడుతుంది. కొరియర్లో డబ్బా కింద పడితే ముందు నొక్కుకుపోయేది అదే. స్కర్టు ఒక పక్క సొట్ట పడితే గాలి ఆ పక్క నుంచి తప్పించుకుంటుంది, బ్యారెల్ చివర పెల్లెట్టు ఒరుగుతుంది. ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపు నుంచి దూరంగా పడే షాట్లు మా రేంజిలో ఎక్కువగా ఇలాంటి పెల్లెట్ల వల్లే వస్తున్నాయి. మెత్తటి నూలు గుడ్డ మీద పరిచి, దీపం ఒక పక్క పెట్టి మెల్లగా దొర్లిస్తే సొట్టది తిన్నగా దొర్లదు, ఒక పక్కకు తిరుగుతుంది. పక్కన పెట్టేయండి. వేలితో సరిచేసి వాడదామని చూడకండి.

కడగడం గురించి కూడా గొడవ ఉంది. సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె రాస్తే పొడి పోతుందని విదేశాల్లో కొందరు చేస్తారు. మన దగ్గర వద్దంటాను. అంతర్వేది, నరసాపురం వైపు గాలిలో ఉప్పు, తేమ ఎప్పుడూ ఉంటాయి. స్కర్టు లోపల చేరిన నీటి చుక్క ఎప్పటికి ఆరుతుంది? కొద్ది రోజుల్లో సీసం మీద తెల్లటి పొడి పట్టుకుంటుంది. ఆ పొడి బ్యారెల్లోకి వెళ్లకూడదు, చేతికి అంటకూడదు. స్ప్రింగు రైఫిల్‌లో అయితే నూనెతో ఇంకో ప్రమాదం, ఒత్తిడికి గాలి వేడెక్కి నూనె లోపలే మండుతుంది, షాటుకూ షాటుకూ వేగం మారిపోతుంది. గుడ్డలో వేసి దొర్లించి పొడి దులపడమే చాలు.

డబ్బాను గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఉంచండి. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే తీసేసి కొత్తవి వేయాలి. కొత్త కర్ర బీరువాలో పెట్టకండి, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. వంటింట్లో అసలే పెట్టకండి.

వలలకు సీసం గుండ్లు పోసుకునే ఊళ్లు మనకున్నాయి కాబట్టి ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, సీసం కరిగించి పెల్లెట్లు మనమే పోసుకుంటే? సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, పొయ్యి మీద తేలికే. కానీ ఇంట్లో పోసిన పెల్లెట్టు తల వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు దాకా నిలబడదు. మ్యాచ్ పెల్లెట్లను 4.49, 4.50, 4.51 అని సైజులుగా అమ్మేది ఆ వందో వంతు తేడాకే. గురి సంగతి పక్కన పెట్టినా, సీసం పొగ, పొడి పిల్లల మెదడుకు చేసే హాని మామూలుది కాదు. పిల్లలకు ఫలానా మోతాదు దాకా సీసం పరవాలేదు అనే హద్దే లేదు. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, రేంజిలో తినుబండారాలు తేనివ్వకండి. పెల్లెట్టు పెదాల మధ్య పట్టుకుని లోడ్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానిపించండి.

మూడో దారి, నేను గట్టిగా చెప్పేది ఇదే. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే సైజు, అయినా బ్యాచ్ మారితే మీ బ్యారెల్లో గుంపు మారుతుంది. పక్కవాడి రైఫిల్‌కు అద్భుతంగా పనిచేసిన బ్యాచ్ మీకు పనికిరాకపోవచ్చు. పీసీపీ రైఫిల్ అయితే వైస్‌లో మెత్తటి గుడ్డ వేసి కదలకుండా బిగించి, ఒకే గురికి పది షాట్లు కాల్చండి. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి అంచుకు కొలవండి. పది పెల్లెట్లూ ఒకే రంధ్రంలో దూరితే 4.5 మిల్లీమీటర్లు వస్తుంది, అది కల. 7 మిల్లీమీటర్లు వచ్చిందంటే మీ తప్పేమీ లేనప్పుడు ప్రతి షాటూ 10.5 దగ్గరో అంతకంటే పైనో పడుతుంది. 9 వచ్చిన బ్యాచ్‌ను సాధనకు వదిలేయండి. రెండు బ్యాచ్‌ల మధ్య ఇలా కనిపించే తేడా ఒక్కోసారి ఒక్క షాటులోనే నాలుగైదు దశాంశాలు ఉంటుంది. ఐదు మిల్లీగ్రాముల తూకం తేడా దాని ముందు ఏపాటి?

స్ప్రింగు రైఫిల్‌ను వైస్‌లో బిగించకండి. అది పేలేటప్పుడు ముందుకూ వెనక్కూ కదులుతుంది, ఆ కదలికను బిగిస్తే గుంపు చెదురుతుంది. ఇసుక సంచి మీద అరచేయి పెట్టి, ఆ అరచేతి మీద రైఫిల్‌ను వదులుగా ఆనించి కాల్చాలి. ఎన్ని పెల్లెట్లు మార్చినా గుంపు కుదరకపోతే ముందు స్టాకు స్క్రూలు, సైటు స్క్రూలు చూడండి. పాత ధాన్యం గోడౌన్లో నడిచే మా రేంజికి పెల్లెట్ల మీద ఫిర్యాదుతో వచ్చే రైఫిళ్లలో చాలావాటి జబ్బు వదులైన స్క్రూయే. తర్వాత బ్యారెల్లో పేరుకున్న సీసం. ఆ తర్వాత పీసీపీలో గాలి ఒత్తిడి, ప్రతి షాటుకూ గాలిని ఒకే తీరుగా వదిలే రెగ్యులేటరుకు కావలసిన దానికంటే తగ్గిపోవడం, అప్పుడు షాట్లు ఒకదాని కింద ఒకటి దిగుతూ కనిపిస్తాయి.

గాలి మాట వచ్చింది కాబట్టి, పంపుతో నింపాలా సిలిండరుతోనా అని అడిగేవాళ్లకు: 200 బార్ ఒత్తిడి దాకా చేతి పంపుతో కొట్టొచ్చు, కానీ మన గాలిలోని తేమంతా నొక్కుకుపోయి లోపల నీరవుతుంది. తేమ పీల్చే ఫిల్టరు లేని పంపు డెల్టాలో వాడకండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, అక్కడ కొట్టండి, మధ్యమధ్యలో ఆపి పంపు చల్లారనివ్వండి. ఆరబెట్టిన గాలి నింపిన పెద్ద సిలిండరు దొరికితే అదే మేలు. రైఫిల్ సిలిండరు మీద గడువు తేదీ ఉంటుంది, గడువు దాటినది పోటీకి ఒప్పుకోరు, ఇంట్లోనూ వాడకండి.

బ్యాచ్ పరీక్షకు చాలా డబ్బు ఒకేసారి పోతుందని తల్లిదండ్రులకు టెన్షన్. ఒంటరిగా చేస్తే నిజమే, ఖర్చే. అందుకే నాలుగైదు కుటుంబాల వాళ్లు కలిసి తలో బ్యాచ్ డబ్బా తెప్పించండి. ఒకే సాయంత్రం అందరి రైఫిళ్లలో అన్నీ కాల్చి చూడండి, ఎవరికి నప్పింది వాళ్లు ఏడాదికి సరిపడా తెప్పించుకోండి. అన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలని అమ్మేవాడికి ముందే రాసి పంపండి, వచ్చాక ప్రతి డబ్బా తిప్పి చూసుకోండి. ఆ నిల్వలో రెండు డబ్బాలు మిగిలినప్పుడే కొత్త బ్యాచ్‌ల పరీక్ష మొదలుపెట్టాలి, మ్యాచ్‌కు వారం ముందు కాదు.