గుట్ట, ఆకాశం మాత్రమే మిగిలిన పొద్దున: నా పాత విండోస్ ఎక్స్‌పీ మీద రివ్యూ

పచ్చటి గుట్ట, నీలాకాశం, నాలుగు తెల్లమబ్బులు. వాటి మీద ఏమీ లేదు. మై కంప్యూటర్ లేదు, రీసైకిల్ బిన్ లేదు, కింద నీలం పట్టీ లేదు, మూలనుండే ఆకుపచ్చ స్టార్ట్ బటన్ లేదు. మౌస్ బాణం ఒక్కటే తిరుగుతోంది. కుడి బటన్ ఎన్నిసార్లు నొక్కినా మెనూ రాలేదు. ఆ డెస్క్‌టాప్ మీద "పూర్తయినవి" అని ఒక ఫోల్డర్ ఉండేది. పదకొండేళ్లుగా నేను గీసిన ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. చేతులు చల్లబడిపోయాయి.

ఇది 2017 నాటి సంగతి. తమ్ముడికి ఫోన్ చేశాను. "పాతదైపోయిందక్కా, ఫార్మాట్ కొట్టించేయ్" అన్నాడు. తెలిసినవాళ్లను ఇంకో ఇద్దరిని అడిగితే వాళ్లదీ అదే మాట. ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ మాటే. విండోస్ ఎక్స్‌పీని నేను ఇప్పటికీ పని కోసం వాడుతున్నాను. దాని డెస్క్‌టాప్ మీంచి వస్తువులు మాయమవడం నాకు కనీసం ఏడెనిమిది సార్లు జరిగింది. ఒక్కసారి కూడా ఫార్మాట్ కొట్టాల్సిన అవసరం రాలేదు. ఒక్క ఫైలు కూడా పోలేదు.

ఎందుకింకా ఎక్స్‌పీ అంటారా? నా డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఒక డాంగిల్ ఉంది. పాత ప్రింటర్లు తగిలించే పారలల్ పోర్టులో అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. కుట్టు మెషిన్ డిజైన్‌ను ఫ్లాపీ మీంచే చదువుతుంది, 1.44 ఎంబీ ఫ్లాపీ. మెషిన్ ఇంకా గడియారంలా కుడుతోంది, దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు. అందుకే 512 ఎంబీ ర్యామ్ ఉన్న ఈ కంప్యూటర్‌నూ వదలను. ఎక్స్‌పీ అధికారికంగా అడిగింది కనీసం 64 ఎంబీ, మంచిదన్నది 128. కాబట్టి నా దగ్గర అది హాయిగా నడుస్తుంది. 2001 అక్టోబర్ 25న విడుదలైన ఈ సిస్టమ్‌కి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. ఆ తర్వాత ఏం జరిగినా మనకు మనమే దిక్కు. అందుకే దాని లోపలి సంగతులు కొంత నేర్చుకోక తప్పలేదు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మనం డెస్క్‌టాప్ అనుకునేదంతా, అంటే ఐకాన్లు, టాస్క్‌బార్ అనే ఆ కింది నీలం పట్టీ, స్టార్ట్ మెనూ, అన్నీ కలిపి ఒకే ఒక్క ప్రోగ్రాం. దాని పేరు ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ. అది లేవకపోతే వాల్‌పేపర్ కనిపిస్తుంది, మౌస్ కదులుతుంది, మరేమీ ఉండదు. సిస్టమ్ మాత్రం బతికే ఉంటుంది. గుట్ట ఒక్కటే కనిపిస్తోందంటే చచ్చింది ఆ ఒక్క ప్రోగ్రామే.

ఆ పొద్దున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కాను. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్ వచ్చింది. ఆ చిన్న కిటికీ చూడగానే సగం ప్రాణం లేచొచ్చింది. ఫైల్ మెనూలో న్యూ టాస్క్ నొక్కి ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ అని కొట్టాను. మామూలుగా అయితే అంతటితో డెస్క్‌టాప్ తిరిగొచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం "ఆ ఫైలు దొరకలేదు" అంది. బ్రౌజ్ నొక్కి విండోస్ ఫోల్డర్‌లో చూస్తే ఫైలు కళ్లెదురుగానే ఉంది. ఉన్న ఫైలును లేదంటోంది.

అదే న్యూ టాస్క్ పెట్టెలో రెజెడిట్ కొట్టి రిజిస్ట్రీలోకి, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటికి, వెళ్లాను. ఇలాంటప్పుడు చూడాల్సిన చోట్లు రెండు. రెండూ హెచ్‌కీ లోకల్ మెషిన్‌లో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్ అన్న దారిలోనే ఉంటాయి. మొదటిది విన్‌లాగాన్. అందులో షెల్ అన్న దాని ఎదురుగా ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ అని మాత్రమే ఉండాలి. ఇంకేదైనా పేరు చేరి ఉంటే అది చాలావరకు చొరబాటుదారుదే. నా దాంట్లో సరిగ్గానే ఉంది. రెండోది ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్. దాని కింద ఎక్స్‌ప్లోరర్ పేరుతో ఒక కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) ఉంది. మామూలు కంప్యూటర్‌లో అది ఉండకూడదు. లోపల డీబగ్గర్ అని రాసి, ఎదురుగా ఏదో అర్థంకాని పేరు.

ఇది ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం పెట్టిన సౌకర్యం. "ఫలానా ప్రోగ్రామ్‌ను పిలిస్తే, దాని బదులు ముందు ఈ ఇంకోదాన్ని లేపు" అని అక్కడ ఆదేశం రాసుకోవచ్చు. ఎవరిదో పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ అక్కడ తన పేరు రాసుకుంది. ముందు రోజు రాత్రి యాంటీవైరస్ ఆ వైరస్ ఫైలును తుడిచేసింది కానీ ఆదేశాన్ని వదిలేసింది. పొద్దున విండోస్ ఆ ఆదేశం ప్రకారం తుడిచేసిన ఫైలు కోసం వెతికి, దొరక్క, ఎక్స్‌ప్లోరర్ దొరకలేదని నాకు చెప్పింది. లేనిది ఒకటి, చెప్పింది మరొకదాని పేరు. ఆ ఒక్క కీని డిలీట్ చేసి, మళ్లీ ఎక్స్‌ప్లోరర్ అని కొట్టాను. నీలం పట్టీ కింద నుంచి లేచింది. ఐకాన్లు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. "పూర్తయినవి" ఎడమ వైపు మూడో వరసలో, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాన్ని తెరిచి చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను.

ఎక్స్‌పీకి నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఇందుకే. డెస్క్‌టాప్ కూలిపోయినా దాన్ని లేపే పనిముట్లు దాని మీద ఆధారపడవు. టాస్క్ మేనేజర్, రెజెడిట్, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్, ఏవీ దానితో పాటు పడిపోవు. సిస్టమ్‌ను పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్‌ను కూడా ఇలాగే పిలవొచ్చు, కాకపోతే ఆర్ఎస్‌టీఆర్‌యూఐ అని పేరు కొడితే రాదు. విండోస్‌లో సిస్టమ్32, అందులో రీస్టోర్ ఫోల్డర్, దాకా మొత్తం దారి ఇవ్వాలి. పాత తేదీకి వెనక్కి తీసుకెళ్లినా మై డాక్యుమెంట్స్‌లోని ఫైళ్ల జోలికి అది వెళ్లదు. అయితే డ్రైవ్‌లో ఖాళీ 50 ఎంబీ కన్నా తగ్గితే అది పని మానేస్తుంది, మళ్లీ 200 ఎంబీ ఖాళీ అయితేనే మొదలవుతుంది. నా పాత 40 జీబీ డిస్క్ నిండిపోయినప్పుడు సరిగ్గా అదే జరిగింది.

అన్నిటికన్నా భయపెట్టింది మాత్రం 2011లో జరిగినది. అప్పటికి ఈ కంప్యూటర్‌కి నెట్ ఉండేది. ఏదో పేజీ చూస్తుంటే ఎర్ర అక్షరాలతో ఒక కిటికీ వచ్చింది: హార్డ్ డిస్క్ పాడైంది, డబ్బు కడితే బాగుచేస్తాం అని. ఐదు నిమిషాల్లో డెస్క్‌టాప్ ఖాళీ అయింది, స్టార్ట్ మెనూలో ప్రోగ్రాములన్నీ పోయాయి, మై డాక్యుమెంట్స్ తెరిస్తే తెల్లగా ఉంది. డిస్క్ నిజంగానే పోయిందని నమ్మేశాను. కానీ డిస్క్ ప్రాపర్టీస్ చూస్తే నిండిన చోటు ఎంత ఉండేదో అంతే ఉంది. ఫైళ్లు పోతే చోటు ఖాళీ అవ్వాలి కదా? అది నాకు తట్టిన క్షణం నుంచి భయం పోయింది, కోపం వచ్చింది.

ఆ దొంగ ప్రోగ్రాం చేసింది రెండు పనులు. ఫైళ్లన్నిటికీ హిడెన్ అన్న గుర్తు తగిలించింది. దాన్ని తీయడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే ఆదేశం చాలు. మైనస్ హెచ్, డ్రైవ్ పేరు, లోపలి ఫోల్డర్లన్నిటికీ పట్టేలా స్లాష్ ఎస్, స్లాష్ డి. నిజంగా దాగి ఉండాల్సిన సిస్టమ్ ఫైళ్లను అది ముట్టుకోదు, "దీన్ని మార్చడం లేదు" అని ఒక్కో లైను చెబుతూ దాటిపోతుంది. రెండో పని ఇంకా కపటమైనది. స్టార్ట్ మెనూ షార్ట్‌కట్లను ఎత్తుకెళ్లి, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో ఎస్ఎంటీఎంపీ అనే ఫోల్డర్‌లో పడేసింది. అందులో అంకెలే పేర్లు: 1లో స్టార్ట్ మెనూవి, 2లో క్విక్ లాంచ్‌వి, 4లో డెస్క్‌టాప్‌వి. వైరస్ వచ్చిందనగానే చాలామంది చేసే మొదటి పని టెంప్ ఖాళీ చేయడం. నేనూ చేయబోయి ఆగాను. ఎవరికైనా ఇలా జరిగితే దయచేసి టెంప్‌ను ముట్టుకోకండి. ముందు దొంగను పట్టి తొలగించండి, తర్వాత ఆ అంకెల ఫోల్డర్లలోంచి మీ షార్ట్‌కట్లను వాటి చోటికి చేర్చండి.

ఇక ఎక్స్‌పీ తనంతట తానే మాయం చేసేవి ఉన్నాయి. ఇక్కడే నాకు దాని మీద నిజమైన ఫిర్యాదు. డెస్క్‌టాప్ క్లీనప్ విజార్డ్ అని ఒకటి ఉంది. 60 రోజులకోసారి లేచి, మనం వాడని షార్ట్‌కట్లు తీసేద్దామా అంటుంది. తొందరలో నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కొట్టేస్తే అవన్నీ "అన్‌యూజ్డ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్స్" అనే ఫోల్డర్‌లోకి పోతాయి. పండగ పనులన్నీ ఒకే నెలలో వచ్చి మిగతా రోజుల్లో ముట్టని సాఫ్ట్‌వేర్లు నాకు నాలుగున్నాయి. వాటి షార్ట్‌కట్లు ఇలాగే పోతుండేవి. డెస్క్‌టాప్ మీద కుడి బటన్, ప్రాపర్టీస్, డెస్క్‌టాప్ ట్యాబ్, కస్టమైజ్ డెస్క్‌టాప్. అక్కడ 60 రోజుల టిక్ తీసేయండి. అదే కిటికీలో మై కంప్యూటర్, మై డాక్యుమెంట్స్ ఐకాన్లకు టిక్కులుంటాయి. కొత్తగా ఎక్కించిన ఎక్స్‌పీలో రీసైకిల్ బిన్ ఒక్కటే కనిపించడం చూసి ఏదో పోయిందని కంగారు పడేవాళ్లు వెళ్లాల్సింది కూడా అక్కడికే. ఐకాన్లన్నీ ఒకేసారి పోయి టాస్క్‌బార్ మాత్రం ఉంటే, కుడి బటన్ నొక్కి అరేంజ్ ఐకాన్స్ బైలో షో డెస్క్‌టాప్ ఐకాన్స్‌కి టిక్ ఉందో లేదో చూడండి. మా మేనకోడలు మౌస్‌తో ఆడుకున్న రోజు పోయినది ఆ ఒక్క టిక్కే.

టాస్క్‌బార్ పోయిందంటే చాలాసార్లు అది సన్నని గీతలా కిందికి నొక్కుకుపోయి ఉంటుంది. తెర అంచున మౌస్ పెడితే రెండు వైపులా బాణం వస్తుంది. పట్టి పైకి లాగి, లాక్ చేసేయండి.

టైపు చేసే భాషను మార్చుకునే లాంగ్వేజ్ బార్ గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను డిజైన్ల పేర్లు తెలుగులోనే పెట్టుకుంటాను. తెలుగును విండోస్‌లోకి మొదట తెచ్చింది ఎక్స్‌పీయే, గౌతమి ఫాంట్‌తో సహా. ఆ రుణం నేను మర్చిపోను. కానీ ఆ బార్ మాయమైనంత తరచుగా మరేదీ మాయం కాదు. కంట్రోల్ పానెల్, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్, డీటెయిల్స్, అక్కడ లాంగ్వేజ్ బార్ బటన్. ఆ బటన్ వెలిసిపోయి నొక్కడానికి రాకపోతే పక్కనున్న అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో టెక్స్ట్ సర్వీసులను ఆపేసే టిక్ పడి ఉందేమో చూడండి. అదీ బాగుంటే సీటీఎఫ్‌మాన్ అన్న ప్రోగ్రాం నడుస్తోందో లేదో టాస్క్ మేనేజర్‌లో చూడాలి. కంప్యూటర్‌ను వేగంగా చేస్తామనే సలహాల్లో దాన్ని స్టార్టప్ నుంచి తీసేయమంటారు. తీసేస్తే ఆ బార్ పోతుంది.

ఒకసారి మాత్రం డెస్క్‌టాప్ మొత్తం కొత్తదానిలా వచ్చింది. వాల్‌పేపర్ కూడా మొదటి రోజుదే. నా ప్రొఫైల్, అంటే నా పేరు మీద ఉండే సెట్టింగులు, పాడై, విండోస్ నాకు తాత్కాలికంగా వేరే ప్రొఫైల్ ఇచ్చింది. సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే నా పాత పేరుతో ఫోల్డర్, అందులో డెస్క్‌టాప్ అనే ఫోల్డర్, లోపల నా ఫైళ్లన్నీ ఉన్నాయి. కొత్త యూజర్‌ను తయారుచేసుకుని కాపీ చేసుకున్నాను, గంట పట్టింది. ఆ తాత్కాలిక ప్రొఫైల్‌లో ఏదైనా పని చేసి సేవ్ చేస్తే లాగాఫ్‌తో పోతుంది, అది గుర్తుంచుకోండి.

పదికి ఏడు ఇస్తాను. పోయిన మూడు మార్కులు ఎందుకంటే, ఒకటి ఆ విజార్డ్, రెండు అసలు కారణం చెప్పని ఎర్రర్ మెసేజ్‌లు, మూడు పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ ప్రతిసారీ సీడీ అడగడం. సీడీ దొరకనివాళ్లు అక్కడే ఆగిపోతారు.

కొత్తగా ఎవరూ దీన్ని ఎక్కించుకోవద్దు. ఇలా డాంగిలో, స్కానరో, పాత మెషినో కట్టేసి ఉన్నవాళ్లయితేనే ఉంచుకోండి, నెట్ కేబుల్ తీసేసి. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు సపోర్ట్ ముగిసిన మూడేళ్లకు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తారని కూర్చోలేం. నా దానికి ఇప్పుడు నెట్ లేదు, బయటి పెన్‌డ్రైవ్‌లు ముందు వేరే కంప్యూటర్‌లో చూసుకున్నాకే ఇందులో పెడతాను.

"పూర్తయినవి" ఫోల్డర్‌ను ఆ పొద్దునే డెస్క్‌టాప్ మీంచి డీ డ్రైవ్‌లోకి మార్చాను. ఇంకో కాపీ బయటి డిస్క్‌లో ఉంది. మూడో వరసలో ఉన్నది ఇప్పుడు దాని షార్ట్‌కట్ మాత్రమే.