1098కు ఫోన్ చేయాలా, సైబర్ పోర్టల్‌లో రాయాలా?

హన్మకొండలో ట్యూషన్‌కు పోయే పిల్లను ఎవడో ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పంపమని బెదిరిస్తున్నాడనుకోండి. 1098 అంటే పిల్లల సహాయ నంబరు (చైల్డ్‌లైన్). ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పిల్లలే చేయొచ్చు. పిల్ల భయంతో అన్నం మానేసినా, వేధించేది ఇంటి మనిషే అయినా నేనైతే ముందు దీనికే చేస్తా.

ఆన్‌లైన్ నేరాల మీద ఫిర్యాదు రాసే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఆధారాలు కావాలి: స్క్రీన్‌షాట్లు, ఖాతా లింకు, తేదీ. పిల్లల లైంగిక చిత్రాల మీదైతే పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. (1930 ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినప్పటి నంబరు, చాలామంది అక్కడే తికమకపడతారు.)

ఏ దారైనా చాట్ చెరిపేయకండి, ఫొటోలు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పరువంటారా? పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా పిల్ల పేరు, ఫొటో, బడి వివరాలు మీడియా బయటపెట్టకూడదు.