ముసుగు, గిమ్మిక్కు, చిన్న పాత్ర: రెజ్లర్‌కి సినిమాల్లోకి ఏ దారి మేలు?

హారర్, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సినిమాలకు రెజ్లర్లు ఎప్పటినుంచో దగ్గరివాళ్లే. ఆ కథల్లో ఏడడుగుల మనిషి ఎందుకున్నాడని ఎవరూ అడగరు. 1950ల్లో ఎడ్ వుడ్ తీసిన చవక సినిమాల్లో భయపెట్టిన టోర్ జాన్సన్ మొదలుకొని ఈనాటి డేవ్ బటిస్టా దాకా చాలామంది వచ్చారు. వచ్చిన దారులు మాత్రం వేరు, ఫలితాలూ వేరు.

ముందు ముసుగు దారి. మెక్సికోలో ముసుగేసుకుని కుస్తీ పట్టే రెజ్లర్ ఎల్ శాంతో 1958లో మొదలుపెట్టి యాభైకి పైగా సినిమాలు చేశాడు. రక్తపిశాచాలు, మమ్మీలు, పిచ్చి శాస్త్రవేత్తలు అందరితోనూ అదే వెండి ముసుగుతో తలపడ్డాడు. నిర్మాతకు ఇది చాలా కలిసొచ్చే పద్ధతి. ముఖం కనపడదు కాబట్టి డూప్‌ని పెట్టడం సులువు, గొంతు ఇంకొకరితో డబ్బింగ్ చెప్పించొచ్చు, నిడివి తగ్గితే మధ్యలో ఒక కుస్తీ పోటీ మొత్తం చూపించేయొచ్చు. ఇవన్నీ చేశారు కూడా. నష్టమల్లా నటుడికే. కళ్లు, నోరు తప్ప ఏమీ కనపడని మనిషి ఇంకో పాత్రలోకి మారలేడు. శాంతో 1984 ఫిబ్రవరిలో చనిపోతే ముసుగుతోనే ఖననం చేశారు. ఈ దారి నడవాలంటే ముసుగంటే ప్రాణమిచ్చే ప్రేక్షకులు ముందే ఉండాలి. మెక్సికోలో ఉన్నారు, చాలాచోట్ల లేరు.

రెండోది గిమ్మిక్కుని, అంటే రెజ్లర్ రింగ్‌లో వేసే వేషాన్ని, ఉన్నదున్నట్టు తెరమీదికి తేవడం. హల్క్ హోగన్ 1989లో చేసిన ‘నో హోల్డ్స్ బార్డ్’ దీనికి సరైన ఉదాహరణ. పాత్ర పేరు రిప్, వృత్తి రెజ్లింగ్ ఛాంపియన్, తీసింది రెజ్లింగ్ కంపెనీయే. చిక్కంతా అక్కడే ఉంది. రింగ్‌లో అమ్ముడుపోయే పేరుకి మచ్చ రాకూడదు కాబట్టి సినిమాలోనూ హీరో నిజంగా ఓడకూడదు, భయపడకూడదు. ఓడతాడేమోనన్న అనుమానం లేని చోట ఉత్కంఠ ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా అందులో జూస్ (Zeus) అనే విలన్‌గా వేసిన నటుడు టైనీ లిస్టర్‌ని అదే ఏడాది సమ్మర్‌స్లామ్ అనే రెజ్లింగ్ షోలో రింగ్‌లోకి దింపారు. సినిమా రింగ్‌కి ప్రకటనగా మారిపోయింది. డబ్బు లెక్క సంగతేమోగానీ, హారర్, ఫాంటసీ లాంటి జానర్ సినిమా ప్రేమించేవాళ్లకు ఈ దారిలో మిగిలేది తక్కువే.

మూడో దారిలో రెజ్లర్ తన పేరుని రింగ్‌లో వదిలేసి, పనితనాన్ని మాత్రం వెంట తెస్తాడు. రాడీ పైపర్ అలా వచ్చాడు. 1987లో రెజిల్‌మేనియా అనే రెజ్లింగ్ షోలో అతన్ని చూసిన దర్శకుడు జాన్ కార్పెంటర్, ‘దే లివ్’లో పని వెతుక్కుంటూ తిరిగే కూలీ పాత్ర ఇచ్చాడు. 1988 నవంబర్‌లో విడుదలైంది. అందులో సందు ఫైట్ గురించి ఆగి చెప్పుకోవాలి. ఒక మనిషి తన స్నేహితుణ్ని నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటాడు, వాడు పెట్టుకోనంటాడు. గొడవంతా అంతే, కానీ అయిదు నిమిషాలు దాటుతుంది. పైపర్, ఆ స్నేహితుడిగా వేసిన కీత్ డేవిడ్ ఇద్దరూ దాన్ని మూడు వారాలు రిహార్సల్ చేశారు.

ఆ ఫైట్ ఎందుకు నిలిచిందో జాగ్రత్తగా చూడండి. అయిపోయిందనిపిస్తుంది, ఇద్దరూ ఒగరుస్తూ ఆగుతారు, మళ్లీ మొదలవుతుంది. మంచి కుస్తీ పోటీలో భుజాలు నేలకి అదిమిపెట్టినా, రిఫరీ మూడు లెక్కపెట్టేలోపు భుజం లేపినప్పుడు జనానికి కలిగే ఊపే ఇది. దెబ్బ కొట్టడం కన్నా, తిన్నాక మెల్లగా లేవడం పైపర్‌కి బాగా తెలుసు. దెబ్బ నిజంగా తగిలిందని నమ్మించే ఈ విద్యని రెజ్లర్లు ‘సెల్లింగ్’ అంటారు, కెమెరాకి ఇదే అసలైన సరుకు.

అయితే అది అలాగే వాడితే చెడుతుంది. రింగ్‌లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా నొప్పి కనపడాలి కాబట్టి ఒళ్లంతా ఊగించి చూపిస్తారు. క్లోజప్‌లో అదే చేస్తే నాటకంలా తేలిపోతుంది, కనుబొమ్మ కదిలితే చాలు. రింగ్‌లో పిడికిలి విసిరేటప్పుడు కాలితో నేలను తన్ని చప్పుడు పుట్టిస్తారు. సెట్లో ఆ తన్నుడు మానేయాలి, చప్పుడు తరవాత కలుపుతారు. కెమెరా ఎదుటివాడి భుజం వెనక ఉంటే పిడికిలి ముఖానికి దూరంగా పోయినా తగిలినట్టే కనపడుతుంది. పక్కనుంచి తీస్తే ఖాళీ బయటపడిపోతుంది. ఇంకొకటి, రింగ్ నేల కింద చెక్కలు కొంచెం వంగి దెబ్బను మింగుతాయి. సిమెంటు నేల మింగదు. పడేచోట ప్యాడ్లు దాచాలి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు మొత్తం ఒకేసారి నేలకి తగిలేలా పడాలి. రింగ్‌లో రాత్రికి ఒక్కసారి పడే పాటును ఇక్కడ ఎనిమిది టేకులు పడాల్సి వస్తే నడుం పోతుంది.

నడుం సంగతి వచ్చింది కాబట్టి నాలుగో దారి, అంటే చిన్న పాత్ర. ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ (1987)లో ఆండ్రే ద జెయింట్‌ని చూస్తే కొండను మోయగలడనిపిస్తుంది. అప్పటికే అతనికి వీపు ఆపరేషన్ అయింది. రాబిన్ రైట్ అతని చేతుల్లోకి పడే షాట్‌లో ఆమె బరువును తీగలు మోశాయి. డైలాగులు నేర్చుకోవడానికి దర్శకుడు రాబ్ రైనర్ టేపులో రికార్డు చేసి ఇచ్చాడు. ఇంత సాయం ఒక సహాయ పాత్రకి అందించొచ్చు, సినిమా పొడుగునా ఉండే హీరోకి కష్టం. అదే ఏడాది ‘ప్రిడేటర్’లో జెస్సీ వెంచురాకి పెద్ద గన్ను, నాలుగు మాటలు ఇచ్చి కథ సగానికి రాకముందే చంపేశారు. రెజ్లింగ్ కామెంటరీ చెప్పి చెప్పి సానపట్టిన గొంతు ఆ కాస్తకీ సరిపోయింది. ‘బ్లేడ్ రన్నర్ 2049’ (2017) మొదట్లో బటిస్టా కొద్ది నిమిషాలే ఉంటాడు. ఆ భారీ ముఖం మీద చిన్న కళ్లజోడు పెట్టడంతోనే అతను కండలు దాటి నటుడిగా కనపడతాడు.

నా లెక్కలో ఫలితాన్ని బట్టి పైపర్ దారే గొప్పది. కానీ దానికి కార్పెంటర్ లాంటి దర్శకుడు, వారాల తరబడి రిహార్సల్ కావాలి. పైపర్‌కే మళ్లీ ఆ స్థాయి పాత్ర దొరకలేదు. అందుకే మొదటి సినిమాకి చిన్న పాత్రే మేలంటాను. పది, పదిహేను నిమిషాలు, ఒక్క ఫైట్, ముఖం కనపడే ఒక నిశ్శబ్ద సన్నివేశం. షెడ్యూల్‌లో మాటల సన్నివేశాలు ముందు తీసి, ఫైట్ చివరికి పెట్టుకోవాలి. ఫైట్‌లో భుజం పట్టేస్తే ఆ నొప్పి తరవాతి ప్రతి క్లోజప్‌లోనూ కనపడుతుంది.