ధనుష్కోడి ఆటో ట్రిప్: పాత స్టేషన్ దగ్గర ఆపమని ముందే మాట్లాడుకోండి

రామేశ్వరంలో దర్శనం అయ్యాక, 1964 తుఫానులో పాడుబడ్డ ఊరు ధనుష్కోడికి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ మర్యాదస్తుడు, బండి నిదానంగా నడిపాడు, అనుకున్న డబ్బుకు మించి పైసా అడగలేదు. కానీ పాడుబడ్డ రైల్వే స్టేషన్ దగ్గర మమ్మల్ని నిలబడనివ్వలేదు. చర్చి దగ్గర ఫొటో తీసుకోండి, త్వరగా అరిచల్‌మునై (రోడ్డు చివరి కొస) వెళ్దాం అని ఒకటే తొందర.

నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. ఆ గోడలను వదిలి కదలబుద్ధి కాలేదు. 1914లో రామేశ్వరం దీవిని కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచాక, మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ రైలు ఎక్కినవాళ్ళు ఇక్కడే దిగేవారు. స్టీమరులో శ్రీలంకలోని తలైమన్నార్ చేరి, మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. అంతటికీ ఒకటే టికెట్! ఇప్పుడు కొన్ని మొండిగోడలు, నీళ్ళ ట్యాంకు ఆనవాలు మిగిలాయి.

1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజరు బయల్దేరింది. ధనుష్కోడి దగ్గరికొచ్చాక సిగ్నల్ పడలేదు. డ్రైవరు కాసేపు చూసి, విజిల్ వేసి ముందుకు కదిలాడని చెబుతారు. ఉప్పెన రైలు మొత్తాన్ని లాక్కుపోయింది. వందమందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. గాలివానలో, చీకట్లో సిగ్నల్ అందకపోతే బండిలో ఉన్నవాళ్ళకు ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆ డ్రైవరును నేను తప్పుపట్టను.

ఆ తుఫానుకు దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజినీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో నిలబెట్టింది. ధనుష్కోడి లైను మాత్రం మళ్ళీ వేయలేదు, ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. మా ఆటో డ్రైవర్ ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు. రోజూ జనాన్ని అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు కనీసం ఆ రైలు సంగతైనా చెప్పాలి. అడుగడుగునా మనుషులు పోయిన చోటది.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరండి, ఎండ మండిపోతుంది, నీడ దొరకదు. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. సాయంత్రమైతే అక్కడ ఉండనివ్వరు. బేరం ఆడేటప్పుడే స్టేషన్ దగ్గర అరగంట ఆపాలని గట్టిగా చెప్పండి. తొందర లేనివాళ్ళకు రామేశ్వరం నుంచి బస్సు కూడా ఉంది.

ఆటో సర్వీసుకు 5కి 3 ఇస్తున్నాను. స్టేషన్ దగ్గర ఆ అరగంట ఇచ్చి ఉంటే 5 ఇచ్చేవాణ్ణి.