నాలుగున్నరేళ్లు, మూడు కప్పులు: డబ్బా మీది సైజు చూసి కొనకండి

ముందే చెప్పేస్తున్నా, మొదటి మెన్‌స్ట్రువల్ కప్ (పీరియడ్స్‌లో ప్యాడ్‌కి బదులు లోపల పెట్టుకునే సిలికాన్ కప్పు) నేను తప్పు కొన్నాను. 2020 చివర్లో ఆన్‌లైన్‌లో ఆఫర్ కనబడింది, డబ్బా మీద "30 దాటినవాళ్లకి, కాన్పు అయినవాళ్లకి లార్జ్" అని రాసి ఉంది, నాకు 31, ఒక కాన్పు, ఇంకేం ఆలోచించాలని లార్జ్ ఆర్డర్ పెట్టేశాను. మూడు నెలలు నరకం చూశాను. కూర్చుంటే కప్ అడుగున ఉండే కాడ పొడుచుకునేది, గంటకోసారి బాత్రూంకి వెళ్లాలనిపించేది, తీరా వెళ్తే సరిగా వచ్చేది కాదు. నా ఒంటికి కప్ పడదని తేల్చేసుకుని బీరువాలో పడేశాను.

మా ఆఫీసులో ఒక అక్క ఉంది, ఏ విషయమైనా మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. లంచ్ టైంలో నా గోడు విని ఒకటే అడిగింది: "నీ సర్విక్స్ ఎంత ఎత్తులో ఉందో చూసుకున్నావా?" గర్భసంచి ముఖద్వారం అన్నమాట. బిడ్డని కన్నాను గానీ ఇలా చూసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. పీరియడ్స్ టైంలోనే చూసుకోవాలంది, ఎందుకంటే చాలామందికి అప్పుడు అది కాస్త కిందికి దిగుతుంది. గోళ్లు తీసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుకూర్చుని చూపుడువేలు లోపలికి పెడితే ముక్కు కొస లాంటిది తగులుతుంది. వేలి మొదటి కణుపు దగ్గరే తగిలితే కింద ఉన్నట్టు, రెండో కణుపు దాకా వెళ్తే మధ్యస్థం, వేలంతా వెళ్లినా అందకపోతే పైన ఉన్నట్టు. నాకు మొదటి కణుపు దాటగానే తగిలింది, వేలు స్కేలు మీద పెడితే నాలుగు సెంటీమీటర్ల చిల్లర. నేను కొన్న కప్ కాడతో కలిపి ఏడు. పొడవక ఏం చేస్తుంది మరి!

రెండోది పొట్టిది, కాస్త మెత్తనిది తీసుకున్నాను. మెత్తదనం సంగతి కూడా డబ్బా మీద ఎవరూ సరిగా రాయరు. గట్టి కప్ లోపల టక్కున విచ్చుకుంటుంది కానీ మూత్రాశయం మీద ఒత్తుతుంది, మెత్తనిది ఒత్తదు కానీ విచ్చుకోవడానికి మొరాయిస్తుంది. నాలాగా మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లకి మెత్తనిదే నయం, జిమ్‌కి వెళ్లేవాళ్లకి కొంచెం గట్టిది బాగుంటుందని అంటారు. వయసు, కాన్పు చూసి సైజు చెప్పే లెక్కని మాత్రం నేను నమ్మడం మానేశాను.

పెట్టుకోవడం దగ్గర అందరూ చెప్పే మడత నాకు కుదరలేదు. అంచుని ఒక వేలితో లోపలికి నొక్కి మొగ్గలా చేసే మడత కుదిరింది. నిటారుగా పైకి తోయకూడదు, వెన్ను చివరి ఎముక వైపు వంచి పెట్టాలి. విచ్చుకుందో లేదో అడుగున చుట్టూ వేలు తిప్పి చూడాలి, ఎక్కడన్నా నొక్కుకుపోయినట్టుంటే లీక్ అయి తీరుతుంది. మొదట్లో నేను కొబ్బరినూనె రాసేదాన్ని, మనకి దేనికైనా కొబ్బరినూనేగా! కప్‌కి నూనెలు రాయొద్దని కంపెనీలు చెప్తాయని తర్వాత తెలిసింది. తడిచేస్తే చాలు.

ఇక తీయడం. మొదటిరోజు రాత్రి పదకొండింటికి బాత్రూంలో అరగంట కూర్చున్నాను. అది పైకి వెళ్లిపోయింది, కాడ అందట్లేదు, చెమటలు పట్టేశాయి, బయట మా ఆయన "ఏమైంది, తలుపు తియ్యి" అని ఒకటే గోల. లోపల ఎక్కడికీ పోదు, ఆ పైన దారి లేదు, ఈ ఒక్కమాట అప్పుడు తెలిసుంటే టెన్షన్ సగం తగ్గేది. గొంతుకూర్చుని, ఊపిరి వదులుతూ, విరేచనానికి ముక్కినట్టు కొద్దిగా ముక్కితే కిందికి దిగుతుంది. అప్పుడు కాడ పట్టి లాగకూడదు. కప్ అడుగుభాగం రెండు వేళ్లతో నొక్కితే గాలి వెళ్లి పట్టు వదులుతుంది, తర్వాత కాస్త పక్కకి వంచి తీయాలి. ఆ పట్టు వల్లే కాపర్-టి వేయించుకున్నవాళ్లు జాగ్రత్తపడాలి, కప్‌తో పాటు అదీ కదిలే ప్రమాదం ఉంది, డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. కాన్పయిన కొత్తలో, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా అసలు వద్దు.

లోపల ఉంచేది ఎక్కువలో ఎక్కువ 12 గంటలు, కొన్ని కంపెనీలు 8 అనే చెప్తాయి. ఒకసారి తెనాలిలో పెళ్లికి వెళ్లి 15 గంటలు ఉంచేశాను. ఏం కాలేదు, అలాగని అందులో నా తెలివేం లేదు. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బాక్టీరియా విషం ఒంట్లోకి పాకే జబ్బు) చాలా అరుదు కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది: ఉన్నట్టుండి బాగా జ్వరం, వాంతులు, ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు, కళ్లు తిరగడం. అలాంటిది ఏమన్నా అనిపిస్తే వెంటనే తీసేసి ఆస్పత్రికి వెళ్లి, కప్ వాడుతున్నానని కూడా చెప్పాలి.

మరిగించడం ప్రతి నెలా మొదట్లోనూ చివర్లోనూ, ఐదు నిమిషాలు. బోరు నీళ్లతో మరిగిస్తే తెల్లటి పొర కడుతుంది, అందుకే ఫిల్టర్ నీళ్లు వాడతాను. డెట్టాల్ లాంటివి తగలనివ్వను, మధ్యలో వాసన లేని సబ్బు, నీళ్లు, అంతే. అంచు కింద చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే పట్టు వదలదు, నీళ్లు నింపి అరచేత్తో మూసి నొక్కితే బయటికి చిమ్ముతాయి. మా అమ్మ వచ్చినప్పుడు ఓసారి మూత తీసి "ఏంటే ఇది, గరాటా ఉడకబెడుతున్నావా?" అంది. విషయం చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత ఆ గిన్నె చెవికి ఎర్రదారం కట్టి పాలగిన్నెల్లోంచి తీసి వేరే పెట్టింది. ఆ రెండో కప్ నా చేతుల్లోనే పోయింది, ఫోన్ మాట్లాడుతూ స్టవ్ మీద మర్చిపోతే నీళ్లు ఇగిరిపోయి అడుగంటి మాడింది. ఇప్పుడున్నది మూడోది, అదే కొలత.

ప్యాడ్ల రోజుల్లో నాకు తెలియనిది కప్ వల్ల తెలిసింది ఒకటుంది. దాని మీద ఎంఎల్ గీతలుంటాయి. 2023లో వరసగా రెండు నెలలు రెండోరోజు 25 ఎంఎల్ కప్ నాలుగు గంటలకే నిండిపోయింది, ఒక్కో నెల మొత్తం లెక్కేస్తే 110 ఎంఎల్ దాటింది. ఒక పీరియడ్‌లో 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. డాక్టర్ దగ్గర "ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు?" అని అడిగితే నేను ఎంఎల్ చెప్పాను, ఆవిడ రాసుకుంటున్న పెన్ను ఆపి తలెత్తి చూసింది. హిమోగ్లోబిన్ 9, స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో గడ్డ. ప్యాడ్లే వాడుతుంటే "నాకెప్పుడూ ఇంతేలే" అని ఇంకో ఏడాది ఈడ్చేదాన్ని.

లీకేజీ గురించి అందరూ భయపెడతారు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో 43 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో కప్ లీకేజీ ప్యాడ్లతో సమానంగానో తక్కువగానో ఉందని తేలింది, అలవాటు పడటానికి కొన్ని నెలలు పడుతుందని కూడా. నాకు నాలుగు నెలలు పట్టింది. మా అక్క కూతురు, ఇంకా పెళ్లికానిది, వాడొచ్చా అని అడిగింది. వాడొచ్చు, కన్నెపొర సాగొచ్చు, చిరగొచ్చు, దాన్ని బట్టి ఎవరి కన్నెతనమూ తేలదు అని చెప్పాను. నీకు ఇష్టం లేకపోతే ప్యాడ్ వాడటం తప్పేం కాదని కూడా చెప్పాను, ఆ పిల్ల ప్యాడ్లతోనే ఉంది.

నాకు ఇప్పటికీ కుదరనిది మలబద్ధకం ఉన్న రోజు. పేగు ఒత్తిడికి కప్ పక్కకి జరుగుతుంది, దొడ్డికి వెళ్లి రాగానే చూసుకోకపోతే డ్రెస్ పాడవుతుంది. ఆ రోజుల్లో, రెండోరోజు రాత్రి, ఒక గుడ్డ ప్యాడ్ కూడా వేసుకునే పడుకుంటాను.